యూనిట్ లేని అంకె

చి. కార్తీక్‌కి,

నీ ఉత్తరం అందింది. సైన్సు పరీక్షలో యూనిట్లు రాయలేదని నాలుగు లెక్కల్లో అర మార్కు చొప్పున కోసేశారనీ, అంకె సరిగ్గా వచ్చినప్పుడు పక్కన ‘కిలోలు’ అని రాసినా మానినా తేడా ఏముందనీ అడిగావు. మార్కులు పోయినందుకు నాకు బెంగ లేదురా కన్నా. ఎనిమిదో తరగతిలో పోయిన రెండు మార్కులు తొమ్మిదిలోకి వచ్చేసరికి ఎవరికీ గుర్తుండవు. నన్ను కలతపెట్టింది ఆ ‘తేడా ఏముంది’ అన్న మాట. కొలతలో అంకె సగం, యూనిట్ సగం. సగం చెరిపేసి మిగతా సగం సరిగ్గా ఉందనడం నీలాంటి తెలివైన పిల్లవాడు అనాల్సిన మాట కాదు.

1983 జూలై 23న కెనడాలో మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్‌కు బయల్దేరిన ఎయిర్ కెనడా విమానం సంగతి చూడు. కొత్త బోయింగ్ 767. ఆ సంస్థలో ఇంధనాన్ని పౌండ్లలో కాకుండా కిలోల్లో లెక్కగట్టే మొదటి రకం విమానం అదే. ఇంధనం ఎంత ఉందో చూపించే మీటర్లు పనిచేయడం లేదు గనక ట్యాంకుల్లోని మట్టాన్ని కొలకర్రతో చూశారు. 7,682 లీటర్లు ఉంది. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటర్లను కిలోల్లోకి మార్చాలంటే సాంద్రత కావాలి. చేతిలో ఉన్న కాగితం మీద 1.77 అని ఉంది, పక్కన యూనిట్ లేదు. 7,682ని 1.77తో గుణిస్తే 13,597. దాన్ని 22,300 లోంచి తీసేస్తే 8,703. దాన్ని మళ్లీ 1.77తో భాగిస్తే సుమారు 4,917 లీటర్లు. అంతే పోయించారు. గుణకారం తప్పలేదు, తీసివేత తప్పలేదు, భాగహారమూ తప్పలేదు. నువ్వు దిద్దినా ఆ లెక్కకు నూటికి నూరు మార్కులూ వేస్తావు.

కానీ ఆ 1.77 లీటరుకు ఎన్ని పౌండ్లో చెప్పే అంకె. లీటరుకు కిలోల్లో అయితే 0.803 తీసుకోవాలి. అంటే ట్యాంకుల్లో అప్పటికి ఉన్నది 6,169 కిలోలే. ఇంకా పోయించాల్సింది సుమారు 20,000 లీటర్లు. కావలసిన దాంట్లో సగం కూడా లేకుండా విమానం లేచింది. 41,000 అడుగుల ఎత్తున ఎగురుతుండగా ఇంధనం అడుగంటి రెండు ఇంజన్లూ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపిన అనుభవం ఉండబట్టి, గిమ్లీ అనే ఊళ్లో వాయుసేన వదిలేసిన పాత రన్‌వే మీద దాన్ని దించగలిగాడు. అందులో ఉన్న 69 మందీ బతికారు. ఇక్కడ నువ్వు గమనించాల్సింది ఒకటుంది. ఆ కాగితం మీద ‘లీటరుకు 1.77 పౌండ్లు’ అని ఉండి, వాళ్లు లెక్కలో ప్రతి మెట్టునా యూనిట్ రాసుకుని ఉంటే, గుణించగానే లీటర్లు కొట్టివేయబడి పౌండ్లు మిగిలేవి. కిలోల్లోంచి పౌండ్లను తీసేయలేమని కాగితమే చెప్పేది. అంకె ఎప్పుడూ ఆ మాట చెప్పదు నాన్నా. 13,597 దేనిదైనా 13,597 లాగే కనిపిస్తుంది.

‘అది పౌండ్ల గొడవ అత్తా, మనకు మెట్రిక్ పద్ధతే కదా’ అంటావని తెలుసు. మన దేశంలో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. 1958 నుంచి విడతలవారీగా వీశలు, మణుగులు పోయి కిలోలు వచ్చాయి. అయినా ఇంట్లో బంగారం మాట వస్తే ఇప్పటికీ తులాలే. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు దుకాణంలో తులమంటే 10 గ్రాములు. పొలం మాట వస్తే మీ తెలంగాణలో కుంట, ఇక్కడ మాకు సెంటు. కుంట 121 చదరపు గజాలు, సెంటు 48.4. ‘పది’ అన్నారంటే పది ఏమిటో అడగకుండా బేరానికి దిగేవాళ్లు మన ఊళ్లలో ఒక్కరూ ఉండరు. ఆ జాగ్రత్త నోటుపుస్తకంలోకి ఎందుకు రాకూడదు?

పైగా అసలు ప్రమాదం మెట్రిక్ లోపలే ఉంది. మీటరుకు 100 సెంటీమీటర్లు అని తెలిసినవాళ్లలో చాలామంది చదరపు మీటరుకు కూడా 100 చదరపు సెంటీమీటర్లే అనుకుంటారు. కావు, 10,000. ఘనపు మీటరుకైతే 10 లక్షల ఘనపు సెంటీమీటర్లు. ఎందుకంటే పొడవునా 100, వెడల్పునా 100, లోతునా 100. నీటి సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 1 గ్రాము అనీ, ఘనపు మీటరుకు 1000 కిలోలు అనీ పుస్తకంలో రెండు చోట్ల చదివి, ఏది గుర్తుపెట్టుకోవాలని అడిగావు చూడు, రెండూ ఒకటే. 10 లక్షల గ్రాములంటే 1000 కిలోలు. మీ మేడ మీద 1000 లీటర్ల ట్యాంకు నిండితే స్లాబు మీద టన్ను బరువు పడుతుంది. ఆ ట్యాంకును ఓసారి పైకెళ్లి చూసిరా, సాంద్రత అంటే ఏమిటో కళ్లకు కడుతుంది. మెట్ల దగ్గర జాగ్రత్త, వాన పడితే జారుతుంది.

గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చడానికి 5/18తో గుణించమని ట్యూషన్‌లో చెప్పారన్నావు. నిజమే. ఆ 5/18 ఎక్కడిది? కిలోమీటరుకు 1000 మీటర్లు, గంటకు 3600 సెకన్లు. 1000ని 3600తో భాగిస్తే 5/18. 72 పక్కన ‘కి.మీ./గంట’ అని రాసి, దాన్ని ‘1000 మీ./కి.మీ.’తో గుణించి, ‘3600 సె./గంట’తో భాగించు. కిలోమీటర్లు కొట్టుకుపోతాయి, గంటలు కొట్టుకుపోతాయి, సెకనుకు 20 మీటర్లు మిగులుతాయి. గుణించాలో భాగించాలో గుర్తుపెట్టుకునే అవస్థే లేదు. తిరగేసి రాశావా, యూనిట్ వికారంగా మిగిలి నీ తప్పు నీకే చూపిస్తుంది.

ప్రామాణిక రూపం గురించి కూడా విసుక్కున్నావు, పదికి ఘాతాలు రాయడమెందుకని. భూమి ద్రవ్యరాశిని కిలోల్లో రాయాలంటే 597 పక్కన 22 సున్నాలు పెట్టాలి. ఒక సున్నా జారితే ఎవరు పట్టుకుంటారు? 5.97 × 10²⁴ అంటే తప్పు దాక్కునే చోటు ఉండదు. భూమి ఘనపరిమాణం 1.08 × 10²¹ ఘనపు మీటర్లు. భాగించి చూడు. 24 లోంచి 21 పోతే 3, 5.97ని 1.08తో భాగిస్తే సుమారు 5.5. ఘనపు మీటరుకు 5.5 × 10³ కిలోలు, అంటే నీటికి అయిదున్నర రెట్లు. ఇప్పుడు మీ హైదరాబాదు గుట్టలు చూడు. ఆ గ్రానైటు రాయి నీటికి సుమారు 2.7 రెట్లే. పైనున్న రాయి అంత తేలికైతే, మొత్తం భూమి సగటు దానికి రెట్టింపు ఎలా వచ్చింది? లోపల ఎక్కడో రాతికంటే బాగా బరువైన పదార్థం ఉండి తీరాలి. ఉంది, ఇనుము. హెన్రీ కావెండిష్ 1798లోనే, లండన్‌లో తన ఇంట్లో సీసపు గుండ్లు వేలాడదీసి వాటి మధ్య ఆకర్షణను కొలిచి, భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లని ప్రకటించాడు. భూమిని తవ్వకుండానే దాని కడుపులో ఏముందో ఊహించగలిగిన లెక్క ఇది. నువ్వు విసుక్కున్న మూడు పాఠాలూ, యూనిట్లూ ఘాతాలూ సాంద్రతా, ఇందులో కలిసి పనిచేశాయి.

ఫోన్ మార్చిపెడుతుంది కదా అని నీ ఇంకో వాదన. పెడుతుంది, దేన్నించి దేనికో నువ్వు చెబితే. 1.77 పౌండ్లో కిలోలో దానికి తెలియదు, అడగకపోతే అనుమానమూ రాదు. 1999లో అమెరికా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌కు లెక్కలు కట్టింది కంప్యూటర్లే. ఒక ప్రోగ్రామ్ పౌండ్-సెకన్లలో ఇచ్చింది, అందుకున్నది న్యూటన్-సెకన్లు అనుకుంది. ఆ వ్యోమనౌక అంగారకుడి దగ్గర నాశనమైంది. ఇక పోటీపరీక్షల్లో అంకెలే ఆప్షన్లు, యూనిట్ రాస్తూ కూర్చుంటే టైం చాలదంటావు. ఈ వాదనలో కొంత న్యాయం ఉంది, టైం నిజంగానే తక్కువ. కానీ ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు యూనిట్ మరిచినవాడికి వచ్చే జవాబును కూడా ఆ నాలుగింటిలో ఒకటిగా పెడతారు. తప్పు చేసిన పిల్లవాడికి తన జవాబు అక్కడ కనిపిస్తుంది, సంతోషంగా దాన్నే గుర్తిస్తాడు. రెండక్షరాలు రాయడానికి పట్టే సమయం దానికంటే చవక.

రాత్రి పొద్దుపోయేదాకా చదువుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పదింటికల్లా పడుకో. కళ్లద్దాలు పెట్టుకో. ఒక్క పని మాత్రం నాకోసం చెయ్యి. వంటింట్లో నూనె ప్యాకెట్ తీసి చూడు. లీటరు అని ఒకచోట, 910 గ్రాములనో దానికి దగ్గరగానో ఇంకోచోట అచ్చు వేసి ఉంటుంది. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది, అదే లీటరులో బరువు తగ్గుతుంది. అందుకే ప్యాకెట్ మీద లీటర్ల లెక్కకూ బరువు లెక్కకూ పొంతన ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నూనె కంపెనీలకు చెప్పింది. ఆ రెండు అంకెలతో నూనె సాంద్రతను ఘనపు సెంటీమీటరుకు గ్రాముల్లోనూ, ఘనపు మీటరుకు కిలోల్లోనూ కట్టి, ప్రామాణిక రూపంలో రాసి, వచ్చే ఉత్తరంలో పంపు. ప్రతి మెట్టులోనూ యూనిట్ ఉండాలి నాన్నా.

ఇట్లు,
మీ అత్త