బెంగకు ఒక పాత చీర ముక్క

జూన్ నెల మొదటి వారంలో అంగన్‌వాడీ గడప దగ్గర వినిపించే ఏడుపులో ముప్పావు వంతు బెంగే. మూడేళ్లు నిండీ నిండని పిల్ల అమ్మ కొంగు వదలదు. మనమేమో ‘ఏడిస్తే బూచాడు పట్టుకుపోతాడు’ అంటాం. బెంగతో ఉన్న పిల్లకు భయాన్ని కూడా జత చేసి లోపలికి లాక్కొస్తాం. ఆ పిల్లకు తన లోపల ఏం జరుగుతోందో చెప్పుకోవడానికి ఒక మాట, పట్టుకోవడానికి ఒక వస్తువు కావాలి. ఆ రెండూ ఇచ్చే కథ ఎలా చెప్పాలో అంగన్‌వాడీ టీచర్ల కోసం, ప్లేస్కూల్ టీచర్ల కోసం రాస్తున్నాను.

మొదట నేను చేసిన తప్పు చెబుతాను. మొహాల బొమ్మలున్న చార్టు ఒకటి గోడకు తగిలించి, కర్రతో చూపిస్తూ అడిగాను. పిల్లలంతా గొంతెత్తి ‘హ్యాపీ, శాడ్, యాంగ్రీ’ అన్నారు. సంబరపడ్డాను. పది నిమిషాలు తిరక్కుండానే, అందరికంటే గట్టిగా ‘యాంగ్రీ’ అన్నవాడే బొమ్మ కోసం పక్క పిల్లాడి భుజం కొరికాడు. వాడికి చార్టు వచ్చింది, కోపం అర్థం కాలేదు.

అసలు మనకు మాటల కరువేముంది? బెంగ, గుబులు, అలక, ఉక్రోషం, సిగ్గు, ఉడుక్కోవడం. ఇవన్నీ ఇంట్లో రోజూ వినబడేవే. అలిగిన పిల్ల బతిమాలించుకోవాలని చూస్తుంది. ఉక్రోషం వచ్చిన పిల్లకు బతిమాలితే ఇంకా మండుతుంది. రెండింటినీ ‘కోపం’ అనేస్తే కథ కూడా గురి తప్పుతుంది. అందుకే ఒక పూటకు ఒక్క భావమే పెట్టుకోండి. ఇంట్లో కోయ, గోండి, లంబాడీ, ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే ‘దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?’ అని అడిగి, ఆ మాటను కూడా కథలో కలపండి.

బెంగ కథకు పాత నూలు చీర ముక్క చాలు. ప్రతి పిల్ల ఇంటి నుంచి జానెడు ముక్క తెప్పించండి. ‘అమ్మ చీర’ అని మాత్రం చెప్పకండి. తల్లి వలస వెళ్లిన పిల్లలుంటారు, తల్లి లేని పిల్లలూ ఉంటారు. ‘ఇంట్లో మిమ్మల్ని పడుకోబెట్టేవాళ్ల గుడ్డ’ అంటే తాత తువ్వాలైనా వస్తుంది. కథ చిన్నదే: తల్లి ఆవు మేతకు వెళ్తుంది, దూడ కట్టుగొయ్య దగ్గర ఉండిపోతుంది, పొద్దు వాలాక తల్లి గంట వినిపిస్తుంది. దూడ తల్లిని తలుచుకున్నప్పుడల్లా పిల్లలు గుడ్డను చెంపకు ఆనించుకుని వాసన చూస్తారు. గంట దూరంగా, తర్వాత కొంచెం దగ్గరగా, చివరికి గుమ్మంలో మోగాలి. ఆ పని ఆయమ్మది. తల్లి తిరిగి వస్తుందన్న మాట మీరు నోటితో చెప్పనక్కర్లేదు, గంటే చెబుతుంది. తర్వాత ఆ గుడ్డలను పిల్లల చేతికందే తాడుకు కట్టి ఉంచండి. బెంగ వచ్చినప్పుడు వాళ్లే వెళ్లి తెచ్చుకుంటారు.

కోపానికి నాకు బాగా నచ్చింది పాల పొంగు. అందరూ గుండ్రంగా గొంతుక్కూర్చుంటారు, అదే గిన్నె. కథలో చిన్ని కట్టుకున్న ఇసుక గూడును అన్న తొక్కేశాడు. మంట అంటుకుంది. పిల్లలు అరచేతులు రెండూ గబగబా రుద్ది చెంపలకు ఆనించుకుంటారు. కోపం వస్తే మొహం ఇలాగే వేడెక్కుతుందని ఒళ్లే వాళ్లకు చెబుతుంది. బుసబుసమంటూ కొంచెం కొంచెంగా లేస్తూ, మునివేళ్ల మీద నిలబడేసరికి పొంగు అంచుకు వచ్చినట్టు. అప్పుడు మీరు పక్కన పెట్టుకున్న నీళ్ల గిన్నెలో వేళ్లు ముంచి నాలుగు నీటి చుక్కలు చేతుల మీద చల్లుతారు. పిల్లలు హూ... అని పొడుగ్గా ఊపిరి వదులుతూ కూర్చుంటారు. మూడుసార్లు చేయించండి. మూడోసారి నీళ్లు చల్లే పని ఒక పిల్లకు ఇవ్వండి. ఆ పని కోసం పోట్లాట వస్తుంది, రానివ్వండి. ‘ఇప్పుడు ఎవరి పాలు పొంగుతున్నాయి?’ అని అడగడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

ఒక శిక్షణలో ఇది చేసి చూపిస్తే, ఒక టీచరమ్మ లేచి ‘పాలు పొంగడం శుభం కదండీ, గృహప్రవేశానికి కావాలనే పొంగిస్తాం’ అన్నారు. నిజమే. నవ్వు కూడా పొంగుతుంది. అప్పటి నుంచి అదే ఆటను సంతోషానికీ వాడుతున్నాను, నీళ్లు మాత్రం చల్లను.

భయానికి ఉరుము కథ. దానికి స్టీలు పళ్లెం, వాన చినుకులకు అరచేతి మీద ఒక వేలు, రెండు వేళ్లు, ఐదు వేళ్లు. శబ్దాన్ని ఆపే అధికారం పిల్లలకు ఇవ్వండి: ఎవరు చెయ్యెత్తినా ఉరుము ఆగాలి. మధ్యాహ్నం పడుకోబెట్టే ముందు ఈ కథ ఎత్తుకోకండి.

మొత్తం 20 నిమిషాలు దాటకూడదు. అందులో మీరు మాట్లాడేది సగమే ఉండాలి. 20 మంది పిల్లలుంటే ఆయమ్మతో కలిసి రెండు జట్లు చేయండి. ముట్టుకుని ఆడే వస్తువులుగా చింతగింజలు, శనగలు, పూసలు వద్దు, ముక్కుల్లోకి పోతాయి. ముగ్గుపిండి కంట్లో పడుతుంది. బియ్యంలో చేతులు పెట్టించి ఆడిస్తే కొందరు తల్లులు నొచ్చుకుంటారు. జల్లించిన ఇసుక చాలు. కొందరు పిల్లలు శబ్దానికి చెవులు మూసుకుంటారు, తడి తగిలితే చెయ్యి లాగేసుకుంటారు. పళ్లేన్ని వాళ్లకు ముందే చూపించి, ‘ఇప్పుడు మోగుతుంది’ అని చెప్పి మోగించండి. గుమ్మం దగ్గర కూర్చుని చూస్తామంటే చూడనివ్వండి. బలవంతంగా చెయ్యి పట్టి ముట్టించడం మాత్రం ఎవరికీ చేయకండి.

విద్యావేత్త గిజుభాయి రాసిన ‘దివాస్వప్న’ పుస్తకంలో ఉపాధ్యాయుడు మొదటి రోజు పిల్లలతో నిశ్శబ్దం ఆట ఆడించబోతాడు. గోల తప్ప ఏమీ మిగలదు. మర్నాడు కథ మొదలుపెడితే అదే పిల్లలు కదలకుండా వింటారు. మనం ఇక్కడే ఒక పొరపాటు చేస్తాం, కదలకపోవడమే గొప్ప అనుకుంటాం. అవి నాలుగో తరగతి పిల్లల సంగతులు. మూడేళ్ల వాళ్లు కదులుతూనే వింటారు.

కథ ముగిశాక ‘కాబట్టి కోపం చెడ్డది, భయపడకూడదు’ అని నీతి తగిలించకండి. ‘నీకెప్పుడు ఇలా అయింది?’ అని అడిగి ఊరుకోండి. ఒక్కోసారి బరువైన జవాబు వస్తుంది, నాన్న కొట్టాడనో, ఎవరో ఏదో చేశారనో. అందరి ముందూ గుచ్చిగుచ్చి అడగకుండా, తర్వాత పక్కన కూర్చుని వినండి. ఆ రోజే సూపర్‌వైజర్‌కు చెప్పండి. పిల్లకు ప్రమాదమనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఇదంతా సిలబస్‌లో ఉందా అని అడిగేవాళ్లుంటారు. కేంద్ర ప్రభుత్వం 3 నుంచి 6 ఏళ్ల పిల్లల కోసం 2024లో తెచ్చిన ‘ఆధారశిల’ పాఠ్యక్రమంలో సామాజిక, భావోద్వేగ వికాసానికి చోటు ఉంది. రిజిస్టర్‌లో ‘సామాజిక, భావోద్వేగ వికాసం’ అనే పేరుతోనే రాసుకోండి.

చీర ముక్కలు తెమ్మన్నప్పుడు తల్లులు మంచి మనసుతో ఉతికి, మడతపెట్టి పంపుతారు. ఉతకవద్దని ముందే చెప్పండి. సబ్బు వాసన ఉన్న గుడ్డను ఏ పిల్లా పట్టుకోదు.