మన వరండాలో మందార మొక్క చావలేదు

ఈసారి గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు 9వ తరగతిది. నేను మన వరండాలో రంగు డబ్బాలో ఉన్న మందార మొక్క గురించి రాస్తున్నాను. ఇప్పుడు దానికి ఒక్క ఆకు కూడా లేదు. సంక్రాంతి సెలవులకు ముందు శుభ్రం చేసేటప్పుడు దాన్ని తీసి పెంట మీద పారేద్దామని అనుకుంటున్నారు. పారెయ్యొద్దని చెప్పడానికే ఈ పాఠం.

ఈ మొక్కను వంట అప్ప పోయిన ఉగాదికి నర్సీపట్నం నుంచి తెచ్చింది. వానాకాలంలో బాగా పూసింది, రోజూ ఒకటో రెండో. మందార పువ్వు ఒక్క రోజే ఉంటుంది గదా, అందుకని ఎవరు ముందు లేస్తే పువ్వు వాళ్ళదే. (నేను నాలుగుసార్లు తెంపాను.) కార్తీకం దాటాక మొగ్గలు విచ్చకుండానే రాలిపోవడం మొదలైంది. తరువాత ఆకులు పసుపయ్యాయి. పురుగు పట్టిందని కొందరు, దిష్టి తగిలిందని కొందరు అన్నారు. నేనైతే నీళ్ళు చాలలేదనుకుని రోజూ రెండు చెంబులు పోసాను.

అసలు కారణం చలి. మందార వేడి ప్రాంతాల మొక్క. సుమారు 16 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే దానికి హాయి. 10 డిగ్రీల కన్నా తగ్గితే ఎదుగుదల ఆగిపోతుంది, మొగ్గలు, ఆకులు రాలుస్తుంది. 0 దాటి కిందికి పోతే లేత కొమ్మల లోపలి నీరు గడ్డకట్టి కణాలు చిట్లిపోతాయి. అప్పుడు కొమ్మ నల్లబడి చస్తుంది. వేడి మరీ ఎక్కువైనా, అంటే 35 దాటినా, మొగ్గలు రాలతాయి.

నర్సీపట్నం కింద మైదానంలో ఉంది. మనం చింతపల్లి, లంబసింగి వైపు కొండ మీద ఉన్నాం. 1000 మీటర్లు పైకి ఎక్కితే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుందని సోషల్ పాఠంలో చదివాం గదా. కింద ఏడాదంతా పూసే మొక్క ఇక్కడ పుష్యమాసంలో పూయలేదంటే అది దాని తప్పు కాదు. మరి మన వలిసె చేలు చలి మొదలయ్యాకే పచ్చగా పూస్తాయి కదక్కా అని 7వ తరగతి చెల్లి అడిగింది. మంచి ప్రశ్నే. వలిసెకు మన కొండల చల్లదనం సరిపడుతుంది, అదీగాక గట్టి మంచు పడేసరికి దాని పూత అయిపోతుంది.

మేము ముగ్గురం వేడి ఎంతుందో కొలుద్దామనుకున్నాం. మొదట నర్సమ్మ గారిని జ్వరం చూసే థర్మామీటరు అడిగి రాత్రంతా డబ్బాలో పెట్టాం. పొద్దున్న చూస్తే ఏమీ చూపించలేదు. అది 35 డిగ్రీల నుంచే మొదలవుతుందట! సైన్సు సారు నవ్వి, లేబులో ఉన్న పొడుగు థర్మామీటరు ఇచ్చారు. ఏడు రోజులు తెల్లవారి 5 గంటలకు లేచి చూసాం. వరండా చివర మెట్ల దగ్గర 6 నుంచి 8 డిగ్రీలు. అదే వరండాలో లోపలి గోడ వార 10, 11. మనం పడుకునే హాలులో 15. ఒకే కప్పు కింద ఇంత తేడా ఉందని మాకు తెలీదు.

ఎందుకంటే రాత్రిపూట నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బు లేక చుక్కలు బాగా కనపడే రాత్రి ఎక్కువ చలి పెట్టేది అందుకే. పైన కప్పు ఉంటే ఆ వేడి కొంత తిరిగి కిందికి వస్తుంది. గోడ పగలంతా ఎండకు కాగి రాత్రి మెల్లగా వేడి వదులుతుంది. చల్లగాలి బరువుగా ఉండి కిందికి దిగుతుంది. అందుకని సిమెంటు మీద పెట్టిన డబ్బా కన్నా స్టూలు మీద పెట్టిన డబ్బా నయం. కింద పడుకునే మనకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా ఇంట్లో విత్తనానికి ఉంచే మొక్కజొన్న కంకులు పొయ్యి పైన వేలాడగడతారు. పొగకు పురుగు పట్టదు, చెమ్మ చేరదు, మళ్ళీ విత్తేటప్పుడు బాగా మొలుస్తాయి. అది చూసి పెరిగినదాన్ని కాబట్టి మందారను తీసుకెళ్ళి వంటగదిలో పొయ్యి పక్కన పెట్టాను. మూడు రోజుల్లో మిగిలిన ఆకులు కూడా ఎండి రాలిపోయాయి. అమ్మ చేసేది తప్పని కాదు. విత్తనం నిద్రలో ఉంటుంది, దానికి ఎండుతనం కావాలి. మొక్కకి వెలుగు కావాలి, చెమ్మ కావాలి, ఒకేలా ఉండే వేడి కావాలి. తరువాత థర్మామీటరు పెట్టి చూస్తే పొయ్యి మండేటప్పుడు ఆ చోట 41, ఆరిపోయాక తెల్లవారి 12. ఒక్క రోజులో అంత మార్పు అది ఎలా తట్టుకుంటుంది?

నీళ్ళు కూడా నేను తప్పే పోసాను. చలిలో వేర్లు నీళ్ళు సరిగా తాగవు, ఆకులు లేకపోతే ఆవిరయ్యేదీ తక్కువే. పోసిన నీళ్ళు డబ్బాలో నిలిచి వేర్లు కుళ్ళుతాయి. మన డబ్బాకు అడుగున కన్నమే లేదు! మేకు కాల్చి నాలుగు కన్నాలు పెట్టాం. ఇకమీదట వేలు రెండు గణుపుల లోతు మట్టిలో పెట్టి చూసి, పొడిగా ఉంటేనే పోయండి. అదీ ఎండ వచ్చాక. తెల్లవారి ట్యాంకు నీళ్ళు మన చేతులకే కొంకర్లు పోతాయి, వేర్ల మాట చెప్పాలా.

ఇప్పుడు మొక్క లోపలి గోడ వార స్టూలు మీద ఉంది. డబ్బాకు గోనెసంచి చుట్టాం. రాత్రి పాత దుప్పటి ముక్క కప్పి, పొద్దున్న తీసి, 9 గంటల నుంచి ఎండలో పెడుతున్నాం. చిగురు రావాలని ఎవరూ ఎరువు వెయ్యకండి, కొమ్మలు తుంచకండి. ఇప్పుడు లేత చిగురు వస్తే చలికి మాడిపోతుంది. శివరాత్రి పోయాక నల్లబడిన కొనలు మేమే కత్తిరిస్తాం.

మొక్క చచ్చిందో బతికిందో తెలియాలంటే గోరుతో బెరడు కొంచెం గోకాలి. లోపల గోధుమ రంగులో ఎండి ఉంటే ఆ చోటు చచ్చినట్టు. పచ్చగా తడిగా ఉంటే బతికినట్టు. నిన్న సాయంత్రం వంట అప్ప, నేను గోకి చూసాం. పైకొనలు ఎండిపోయాయి. మట్టి నుంచి జానెడు ఎత్తు వరకు పచ్చగానే ఉంది. (అందరూ వచ్చి గోకొద్దు. మేము చూసింది చాలు.)

మేడమ్ గారూ, ఉగాది వరకు దాన్ని ఉంచండి. అప్పటికీ చిగురు రాకపోతే నేనే తీసి పారేసి డబ్బా కడిగి ఇస్తాను. సెలవుల్లో హాస్టల్లోనే ఉండే అక్కలు, చెల్లెళ్ళు ఎవరైనా రాత్రి దుప్పటి కప్పి పొద్దున్న తీసే పని తీసుకుంటే, ఈ కాగితం కింద పేరు రాయండి. పెన్సిలు దారంతో కట్టి ఉంచాను.