చూపు తగ్గినవారి చేతిలో ఫోను

ఇంద్రియములలో నేత్రము ముఖ్యమని పెద్దలందురు. అది నిజమే. అయితే నేత్రము తన పనిని మానుకొన్నప్పుడు చెవియు, వ్రేలికొనయు ఎంత పని చేయగలవో మన యిండ్లలో ఇంకను పలువురెరుగరు. ఆ రెండింటి సాయముతో ఫోను ఎన్నుకొను విధమును, వాడుకొను విధమును మేమిచ్చట తెలుపదలచితిమి. విద్యార్థులు దీనిని చదివి, తెలుగు చదువరాని తలిదండ్రులకు వినిపింపవలెను.

కామాటిపురకు ఆ పేరు మనవారివలననే వచ్చినది. నిజాము ఏలుబడిలోని తెలంగాణమునుండి వచ్చి ఈ నగరమున మేడలును, బాటలును నిర్మించిన కూలీలను కామాటులనిరి. వారి సంతతివారును, తరువాత మిల్లులలో పనికై వచ్చిన పద్మశాలీలును ఈ గల్లీలలోను, వర్లీ ప్రాంతపు చాళ్లలోను నేటికిని కలరు. వారిలో వయసు మీరినవారికి ఒకరికి శుక్లములు, ఒకరికి నీటికాసులు, మరియొకరికి మధుమేహమువలన కంటిపొర చెడుట. ఇంట ముసలివారికి చూపు తగ్గగానే మనము చేయు మొదటి పని యేమి? వారి చేతిలోని ఫోనును తీసికొనుట! "నీకెందుకే నాయనమ్మా, మేము చేసి పెడతాము గదా" అందుము. ప్రేమతోనే అందుము. కాని ఆనాటినుండి ఊరిలోని చెల్లెలితో మాటాడవలెనన్నను, పింఛను పడినదో లేదో తెలిసికొనవలెనన్నను ఆమె యింకొకరి తీరికకై కాచుకొనవలెను. బ్యాంకు రహస్యసంఖ్యను పొరుగింటి పిల్లవానికి చెప్పవలసివచ్చును. చూపు పోయినదానికన్న ఇదియే యెక్కువ బాధ యని మాతో చెప్పినవారున్నారు.

ఫోను కొనుటకు ముందు కంటి వైద్యుని కలియవలెను. శుక్లమైనచో శస్త్రచికిత్సతో చూపు తిరిగి వచ్చుట సాధారణము. అప్పుడు ఫోను మార్చనక్కరయే యుండకపోవచ్చును. నీటికాసులవలన పోయిన చూపు మరల రాదు గాని మిగిలినదానిని కాపాడుకొనవచ్చును. మనకు దగ్గరలోనే బైకలాలో జె.జె. ఆసుపత్రి యున్నది. కొంత చూపు మిగిలినవారికి తెరపై అక్షరములను పెద్దవి చేయుట, తెరను నల్లగా చేసి అక్షరములను తెల్లగా నుంచుట చాలును. ఇందులకు రూపాయి ఖర్చు లేదు.

ఇక చూపు బొత్తిగా లేనివారి సంగతి. మాటాడుట తప్ప ఫోనుతో వేరు పని లేనివారికి బటన్ల ఫోనే మేలని మా యభిప్రాయము. దానిలో 5 అంకెపై చిన్న బొడిపె యుండును. దానిపై వ్రేలుంచినచో పైన 2, క్రింద 8, ఎడమవైపున 4, కుడివైపున 6 దొరకును. మిగిలినవి వానిని బట్టి తెలియును. సున్న 8 క్రిందనుండును. అంగడిలో కనులు మూసికొని ఆ బొడిపెను వెదకి చూడుడు. కొన్నిటిలో అది వ్రేలికి తగులనంత సన్నము. మీటకు మీటకు నడుమ ఎడము తెలియని నున్నని ఫోను ఎంత చవకగా వచ్చినను వలదు. నొక్కిన అంకెను పలుకు ఫోనులును కలవు; ఆ పలుకు తరచు హిందీయో ఆంగ్లమో యగును.

సందేశములు వినవలెనన్నను, బ్యాంకు పని చేసికొనవలెనన్నను టచ్ ఫోను కావలెను. నున్నని అద్దముపై చూపులేనివారేమి చేయగలరని సందేహింపవచ్చును. దీనికి 2009లోనే సమాధానము దొరకినది. ఆ యేట ఆపిల్ సంస్థ ఐఫోనులో వాయిస్‌ఓవర్‌ను, గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్‌ను ప్రవేశపెట్టినవి. అంతకు ముందు నోకియా వంటి ఫోనులలో ఇట్టి సౌకర్యమునకై వేరుగా డబ్బు చెల్లింపవలసియుండెను. ఇవి పనిచేయు తీరు సులభము. తెరపై వ్రేలు జరుపుచుండగా దాని క్రింద ఏది యున్నదో ఫోను పలుకును. పలికినంతమాత్రమున ఆ పని జరుగదు. కావలసినది వినబడగానే తలుపు తట్టినట్లు రెండుమారులు వెంటవెంట తట్టవలెను, అప్పుడే జరుగును. ఒక వ్రేలిని కుడికి విసరినచో తరువాతి దానికి, ఎడమకు విసరినచో వెనుకటి దానికి పోవును. క్రొత్త ఫోనులలో పెక్కింట రెండువ్రేళ్లతో రెండుమారులు తట్టి, వచ్చిన కాలును ఎత్తవచ్చును.

ఇంతవరకు ఏ అంగడివాడైనను చెప్పగలడు. అతడు చెప్పనిది భాష సంగతి. ఈ నగరమున అమ్మబడు ఫోనులు తరచు ఆంగ్లముననో హిందీలోనో సిద్ధము చేయబడి చేతికి వచ్చును. ఆంగ్లపు గొంతునకు తెలుగు అక్షరమెదురైనచో అది దానిని సరిగా పలుకజాలదు. ఊరినుండి మనుమరాలు తెలుగున వ్రాసిన సందేశము అచ్చటనే ఆగిపోవును. ఆండ్రాయిడ్ ఫోనులో తెలుగు గొంతు కలదు. సెట్టింగులలో అక్షరములను పలుకు విభాగమునకు పోయి, భాషగా తెలుగును ఎన్నుకొని, ఆ గొంతును ఒకమారు దిగుమతి చేసికొనవలెను. తరువాత వేగమును సగమునకు తగ్గింపవలెను. అలవాటైన కొలది వారే పెంచుమందురు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. ఫోను పలుకు తెలుగు పుస్తకపు తెలుగు. నాయనమ్మ తెలుగు తెలంగాణపు పలుకు, నడుమ హిందీయు మరాఠీయు కలిసినది. "తిరస్కరించు" అని ఫోను పలికినచో "కట్ చేయుట" అని ఆమెకు ఎవరు చెప్పవలెను? తెలుగు చదువుకొన్న మీరే చెప్పవలెను. పదిపదునైదు మాటలకు మించి యుండవు. వాని నొక కాగితముపై వ్రాసికొని, ఎదురుగా ఇంటి మాటలు వ్రాసి, దినమునకు రెండేసి నేర్పుడు. తెలుగు బడిలో చదివి లాభమేమని ప్రశ్నించువారు ఈ కాగితమును ఒకమారు చూడవలెను.

నేర్పునపుడు వారి వ్రేలిని పట్టుకొని నొక్కింపరాదు. నోటితో చెప్పుడు, వ్రేలు వారిదే కదలవలెను. మేమెరిగిన యొక విద్యార్థిని అవ్వగారు చిన్ననాటినుండి బీడీలు చుట్టినవారు. ఆకును తాకియే మంచిచెడ్డలు చెప్పగలరు. ఆమెకు తట్టుట రెండు దినములలో పట్టుబడినది. మనుమరాలు ఓపిక పట్టుటకు మాత్రము వారము పట్టినది!

ఫోను కొనునపుడు గమనింపదగినవి మరికొన్ని కలవు. శబ్దమును పెంచు, తగ్గించు మీటలు వ్రేలికి స్పష్టముగా తగులవలెను. చాలా ఫోనులలో ఆ రెండింటిని మూడు క్షణములు కలిపి నొక్కినచో టాక్‌బ్యాక్ మేలుకొనును. డబ్బు చెల్లింపకముందే అంగడిలో దానిని పలికించి చూడుడు. తట్టిన తరువాత ఆలస్యముగా పలుకు ఫోనును తీసికొనరాదు, ఏలయన పలుకు రాలేదని మరల మరల తట్టి వృద్ధులు విసుగుచెందుదురు. వ్రేలిముద్రతో తెరచుకొను మీట ప్రక్కనున్నది మేలు. టైప్-సి చార్జరు ఎటు త్రిప్పి పెట్టినను పోవును. పాతరకపు దానికి క్రిందుమీదులు వెదకుకొనవలెను.

చాళ్లలో గోడలు పలుచన, వరండా అందరిది. బ్యాంకు పంపిన సంఖ్యను ఫోను బిగ్గరగా చదివినచో ఆ అంతస్తంతయు వినును. కావున ఒక చెవికి ఇయర్‌ఫోను తగిలించుకొనుట నేర్పవలెను. రెండవ చెవి బాటకై విడిచియుంచవలెను. తెరను పూర్తిగా చీకటి చేసి, పలుకు మాత్రము వినునట్లు అమర్చుకొను వీలును కలదు. నోట్లను గుర్తించుటకై రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1వ తేదీన మణి యను యాప్‌ను విడుదల చేసినది. కెమెరా ముందు నోటు నుంచినచో విలువను పలుకును; ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయును. నోటు దొంగదో మంచిదో మాత్రమది చెప్పదు.

బ్యాంకులో కెమెరా ముందు కనురెప్ప లార్పుమన్నచో చూపులేనివారు కొందరు ఆ పని చేయలేరు. ఇట్టి కష్టములను విచారించి, 2025 ఏప్రిల్ 30వ తేదీన సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను అందుకొనుట రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవనహక్కులో భాగమని తీర్పు చెప్పినది. బ్యాంకువారు వీలులేదన్నప్పుడు తలిదండ్రులు ఈ తేదీని చెప్పి, వేరు మార్గము చూపుమని అడుగవలెను.

సాయము దూరమున లేదు. 1952లో స్థాపింపబడిన నేషనల్ అసోసియేషన్ ఫర్ ది బ్లైండ్ వర్లీలో నున్నది. సెయింట్ జేవియర్స్ కళాశాలలో చూపులేనివారికై 2003 నుండి ఒక కేంద్రము నడచుచున్నది. తాడ్‌దేవ్‌లోని విక్టోరియా మెమోరియల్ అంధపాఠశాల 1902 నాటిది. మన పిల్లలలో ఎందరో దాని ముందునుండియే పోవుచున్నారు. అచ్చటివారికి తెలుగు రాకపోవచ్చును గావున ముసలివారి వెంట మీరు పోవుడు.

తెలుగు గొంతును అమర్చుట తెలియనివారు శనివారము బడి విడిచిన పిదప ఫోనును మాయొద్దకు తేవచ్చును. దానిని వాడువారినిగూడ వెంట తీసికొని రావలెను.