అడవి బాటలో టైగర్

సమ్మక్క ఇంట్లో ఒక కుక్క ఉంది. దాని పేరు టైగర్. ఎర్రటి ఒళ్లు, తెల్లటి మూతి. పేరు టైగరే గాని, అది పులిని ఎన్నడూ చూడలేదు. కోడిపిల్లలు దాని వీపు మీదెక్కి ఆడుకుంటాయి. ఏమీ అనదు.

సమ్మక్కది పాకాల చెరువు దగ్గర ఊరు. పాకాల చెరువు వరంగల్ జిల్లాలో ఉంది. నర్సంపేటకు దగ్గర. కాకతీయ రాజు గణపతిదేవుని కాలంలో, సుమారు 1213లో ఈ చెరువు కట్టారు. గుట్టల మధ్య కట్ట వేసి వాగు నీళ్లు ఆపారు. 800 ఏళ్లు దాటింది. ఆ కట్ట ఇప్పటికీ నీళ్లు ఆపుతూనే ఉంది. చెరువు నిండితే సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర నీళ్లే కనబడతాయి.

చెరువు చుట్టూ అడవి. ఆ అడవి అభయారణ్యం. అభయం అంటే భయం లేకపోవడం. అరణ్యం అంటే అడవి. జంతువులు భయం లేకుండా బతికే అడవి అన్నమాట. అక్కడ దుప్పులు, అడవి పందులు, ఎలుగుబంట్లు, చిరుతలు ఉంటాయి. చెరువులో మొసళ్లు ఉంటాయి.

ఇప్ప పువ్వు కాలం

మార్చి నెల వచ్చింది. ఇప్ప పువ్వు రాలే కాలం. పువ్వు రాత్రి రాలుతుంది. తెల్లవారేసరికి చెట్టు కింద పరచినట్టు ఉంటుంది. ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి.

సమ్మక్క, ఆమె కోడలు రజిత, పక్కింటి ఐలమ్మ గంపలు తీసుకొని బయలుదేరారు. ఇంకా చీకటి విడలేదు. టైగర్ తోక ఊపుకుంటూ వెంట వచ్చింది.

"దీన్ని ఇంటికాడ కట్టేసి రావొద్దా అత్తమ్మా?" అని అడిగింది రజిత.

"రానీయ్ బిడ్డా. తోడుంటది. కుక్క వెంట ఉంటే ధైర్యం" అన్నది సమ్మక్క.

చెరువు అంచున కాలిబాట. ఒక పక్క నీళ్లు, ఒక పక్క పొదలు. ముగ్గురూ మాట్లాడకుండా గబగబా నడుస్తున్నారు. టైగర్ ఒకచోట నిలవడం లేదు. ముందుకు ఉరుకుతుంది. పొదలో దూరుతుంది. మళ్లీ వస్తుంది. మళ్లీ పోతుంది.

ఒకచోట అది ఆగింది. మెడ మీద వెంట్రుకలు లేచినయి. గుర్రుమన్నది. ఒక్క దూకు దూకి పొదలోకి పోయింది. గట్టిగా మొరిగింది. ఆ వెంటనే కుయ్యోమని అరిచింది.

టైగర్ బాట మీదికి ఉరికి వచ్చింది. నేరుగా సమ్మక్క కాళ్ల దగ్గరకు వచ్చింది. దాని వెనకనే నల్లగా, బొచ్చుతో, ఎలుగుబంటి!

"అమ్మో, గుడ్డెలుగు!" అని రజిత గంప పడేసి ఉరకబోయింది. సమ్మక్క ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నది.

"ఉరకకు. ముగ్గురం ఒక్కకాడ నిలబడాలె" అన్నది.

ముగ్గురూ దగ్గర దగ్గరగా నిలబడ్డారు. చేతికర్రలు ఎత్తి పట్టుకున్నారు. గట్టిగా కేకలు పెట్టారు. ఎలుగుబంటి మీద నుంచి చూపు తిప్పకుండా, ఒక్కొక్క అడుగు వెనక్కి వేశారు.

ఎలుగుబంటి ఆగింది. వెనక కాళ్ల మీద లేచి వాసన చూసింది. అప్పుడు పొదలో చిన్న కూత వినబడింది. అది వెనక్కి తిరిగింది. రెండు పిల్లలు పొదలోంచి వచ్చి తల్లి వీపు మీదికి ఎక్కినయి. తల్లి వాటిని మోసుకొని గుట్ట వైపు పోయింది.

ముగ్గురికీ చాలాసేపు నోట మాట రాలేదు.

నొప్పికి కరిచింది

టైగర్ తొడ మీద గోటి దెబ్బ పడింది. రక్తం కారుతున్నది. సమ్మక్క ప్రాణం ఆగలేదు. వంగి దాన్ని ఎత్తుకోబోయింది. చెయ్యి గాయానికి తగిలింది. టైగర్ గబుక్కున ఆమె అరచెయ్యి కరిచింది. పన్ను దిగింది. రక్తం వచ్చింది.

"పెంచిన చేతినే కరిచింది. విశ్వాసం లేనిది" అన్నది ఐలమ్మ.

"అది నొప్పికి కరిచింది వదినె. కోపానికి గాదు" అన్నది సమ్మక్క.

ఊరి మొదట్లో చేతిపంపు ఉంది. అక్కడికి వచ్చేసరికి పది మంది చేరారు. ఒకామె సున్నం పెట్టమన్నది. ఒకామె కారం అద్దమన్నది. ఐలమ్మ పసుపు తెస్తానని పోయింది.

సమ్మక్క రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది. కుక్క కాటు గురించి చదివిన పాఠం ఆమెకు గుర్తుంది.

"ఏమీ పెట్టొద్దు. సబ్బు తే బిడ్డా. పంపు కొట్టు" అన్నది రజితతో.

రజిత 15 నిమిషాలు పంపు కొట్టింది. ధారగా పడే నీళ్ల కింద సమ్మక్క గాయాన్ని సబ్బుతో కడుక్కున్నది. మంట పుట్టింది. ఓర్చుకున్నది. గాయానికి కట్టు కట్టకుండా దవాఖానాకు బయలుదేరింది.

"బొడ్డు చుట్టూ 14 సూదులు పొడుస్తరు. ఓర్వలేవు" అన్నది ఐలమ్మ. అది పాత మాట. ఆ పాత మందు తయారీని మన దేశంలో 2004 చివరలో ఆపేశారు. ఇప్పుడు సూది చేతికే వేస్తారు. సర్కారు దవాఖానాలో డబ్బులు తీసుకోరు.

డాక్టరమ్మ గాయం చూసింది. రక్తం వచ్చిన గాయం కాబట్టి గాయం చుట్టూ సీరం అనే మందు వేసింది. టీకా కూడా వేసింది. తర్వాత ఒక చీటీ రాసి ఇచ్చింది. ఇంటికి వచ్చాక సమ్మక్క దాన్ని దీపం ముందు పెట్టి, వేలు పెట్టి చదివింది.

మొదటి సూది: మార్చి 12
రెండో సూది: మార్చి 15
మూడో సూది: మార్చి 19
నాలుగో సూది: ఏప్రిల్ 9

మొదటి సూది వేసిన రోజు నుంచి మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. సమ్మక్క వేళ్లతో లెక్క పెట్టి చూసుకున్నది. లెక్క సరిపోయింది.

ఎందుకింత జాగ్రత్త?

కుక్క కాటు వల్ల రేబిస్ వస్తుంది. దీన్నే పిచ్చికుక్క జబ్బు అంటారు. జబ్బు పైకి కనబడిన తర్వాత మనిషి బతకడం దాదాపు లేదు. కాని ముందే టీకా వేయించుకుంటే జబ్బు రాదు. ఫ్రాన్స్ దేశంలో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త 1885లో ఈ టీకాను మొదటిసారి తొమ్మిదేళ్ల పిల్లవాడికి వేశాడు. పిల్లవాడు బతికాడు.

"మన కుక్కే కదా" అనుకోవద్దు. టీకా వేయించని కుక్క మనదైనా, ఊరిదైనా ఒకటే. కరిచిన కుక్కను చంపొద్దు. తరిమేయొద్దు. 10 రోజులు కట్టేసి, తిండి నీళ్లు పెట్టి చూడాలి. దానికి జబ్బు కనబడినా, చనిపోయినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. కుక్క బాగానే ఉందని మనంతట మనం సూదులు ఆపకూడదు. ఆపాలా వద్దా డాక్టరు చెప్పాలి.

పది రోజులు గడిచినయి. టైగర్ బాగానే తిన్నది. గాయం మానింది.

"కుక్క మంచిగున్నది. ఇంకా సూదులు ఎందుకే? ఒక్క పూట పువ్వు పోతది" అన్నాడు సమ్మక్క మొగుడు మల్లయ్య.

సమ్మక్క చీటీ తెచ్చి చూపించింది. "డాక్టరమ్మ నాలుగు రాసింది. మూడే అయినయి. పువ్వు మళ్లీ ఏడు రాలుతది. నేను పోతే మళ్లీ వస్తనా?" అన్నది. మల్లయ్య మరి మాట్లాడలేదు.

మధ్యలో పోయింది ఎవరు?

ఒకనాటి రాత్రి బడిలో ఎలుగుబంటి మాట వచ్చింది.

"టైగర్ లేకుంటే ఆ నాడు మేం బతికేటోళ్లం కాదు" అన్నది రజిత.

సమ్మక్క తల అడ్డంగా ఊపింది. "నేనూ అట్లనే అనుకున్న. తర్వాత ఆలోచన చేసిన. మనం బాట మీద ఉన్నం. ఎలుగు పొదలో ఉన్నది. దాని పిల్లలు దాని దగ్గర ఉన్నయి. మధ్యలో పోయింది ఎవరు? టైగర్. ఎలుగును మన మీదికి తెచ్చింది ఎవరు? అదీ టైగరే."

అందరూ ఆలోచనలో పడ్డారు.

సమ్మక్క చెప్పింది నిజం. ఊర్లో కుక్క మనకు కాపలా. అడవిలో విడిచిన కుక్క మనకు ఆపద. అది పోయి పెద్ద జంతువును రేపుతుంది. భయం పుట్టగానే కాపాడమని మన దగ్గరకే ఉరికి వస్తుంది. తరిమే జంతువు దాని వెనక వస్తుంది.

ఎలుగుబంటికి వాసన బాగా తెలుస్తుంది. చూపు, వినికిడి తక్కువ. మనం చప్పుడు లేకుండా పోతే దగ్గరకు వచ్చేదాకా దానికి తెలియదు. ఉలిక్కిపడి మీద పడుతుంది. ఇప్ప పువ్వు అంటే దానికి ఎంతో ఇష్టం. మనం ఏరే చెట్టు కిందికే అదీ వస్తుంది. అందుకే వెలుతురు వచ్చాక పోవాలి. గుంపుగా పోవాలి. గట్టిగా మాట్లాడుకుంటూ పోవాలి.

చిరుతకు కుక్క తిండి. కుక్క వెంట ఉంటే చిరుత దూరం పోదు, దగ్గరకు రావచ్చు. చెరువు అంచున నీళ్లు తాగే కుక్కను మొసలి లాగవచ్చు. పట్టుకోబోయిన మనిషికీ ప్రమాదమే.

జంతువులకూ ఆపదే

కుక్క వల్ల మనకే కాదు, అడవికీ నష్టం ఉంది. కుక్కలకు డిస్టెంపర్ అనే జబ్బు వస్తుంది. అది అడవి జంతువులకు అంటుకుంటుంది. 1994లో ఆఫ్రికాలో, టాంజానియా దేశపు సెరెంగెటి అడవుల్లో ఈ జబ్బుతో సుమారు వెయ్యి సింహాలు చనిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ల కుక్కల నుంచి జబ్బు పాకింది. మన దేశంలో గుజరాత్‌లోని గిర్ అడవిలో 2018 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో 20కి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నింటికి ఇదే జబ్బు ఉన్నట్టు తేలింది.

ఇంకొక సంగతి. వన్యప్రాణుల రక్షణ చట్టం 1972లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడం, ఉచ్చు వేయడం కూడా వేటే. కుక్కను దుప్పి మీదికి, కుందేలు మీదికి ఉసిగొల్పితే అది నేరం. జైలు శిక్ష పడుతుంది.

కుక్కతో నడవాలంటే

సమ్మక్క, ఆమె జతగాళ్లు కలిసి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు.

1. అభయారణ్యం లోపలికి కుక్కను తీసుకుపోవద్దు. పువ్వుకు పోయే రోజు ఇంటి దగ్గర కట్టేయాలి. నీళ్లు, నీడ ఉండాలి.

2. ఊరి పక్క చెరువు కట్ట మీద, చేను గట్ల మీద నడిచేటప్పుడు మెడకు పట్టీ వేసి, నాలుగు మూరల తాడు కట్టి పట్టుకోవాలి. తాడును చేతికి చుట్టుకోవద్దు. కుక్క ఒక్కసారి గుంజితే మనం పడిపోతాం.

3. కుక్క ఆగి గుర్రుమంటే మనమూ ఆగాలి. దాన్ని దగ్గరకు లాక్కొని, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రావాలి.

4. పచ్చగా నాచు పట్టిన నిలవ నీళ్లు తాగనీయొద్దు. ఎండాకాలంలో అలాంటి నీళ్లలో విషం ఉండవచ్చు. ఇంటి నుంచి సీసాలో నీళ్లు తీసుకుపోవాలి.

5. మనకు ఒళ్లంతా చెమట పోసి చల్లబడుతుంది. కుక్కకు అట్లా చెమట పోయదు. నాలుక చాపి రొప్పుతూ చల్లబడుతుంది. అందుకే ఎండలో నడిపించవద్దు. పొద్దున గాని, సాయంత్రం గాని నడిపించాలి.

6. ఇంటికి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు పట్టాయేమో చూడాలి.

7. దెబ్బ తగిలిన కుక్కను నోటి దగ్గర పట్టుకోవద్దు. ముందు మెత్తని గుడ్డతో మూతి కట్టాలి. ఆ తర్వాతే ఎత్తుకోవాలి.

8. ఏటేటా రేబిస్ టీకా వేయించాలి. పిల్లకు మూడు నెలలు నిండగానే మొదటి టీకా.

ఏప్రిల్ 9న సమ్మక్క నాలుగో సూది వేయించుకున్నది. ఆ మరునాడు టైగర్ మెడకు తాడు కట్టి పశువుల దవాఖానాకు నడిపించుకుపోయింది. రిజిస్టరులో యజమాని పేరు రాయాలి. అంతకు ముందైతే వేలిముద్ర వేసేది. ఈసారి పెన్ను తీసుకొని 'సమ్మక్క' అని రాసింది. పక్క గడిలో కుక్క పేరు 'టైగర్' అని రాసింది.

కాంపౌండరు చూసి నవ్వాడు. "పులికి టీకా వేసినమని రాసుకోవాల్నా?" అన్నాడు.

"రాసుకో సారూ. అడవిలో కుక్కే గాని, మా ఇంటికాడ పులే" అన్నది సమ్మక్క.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఎలుగుబంటిని చూసి రజిత ఉరికి ఉంటే ఏమయ్యేది?
2. సున్నం, కారం వద్దని సమ్మక్క ఎందుకు అన్నది?
3. మీ ఊర్లో ఎన్ని కుక్కలకు టీకా వేయించారు? కనుక్కొని రాయండి.

ఖాళీలు నింపండి

1. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో ______ నిమిషాలు కడగాలి.
2. కరిచిన కుక్కను ______ రోజులు కట్టేసి చూడాలి.
3. అభయారణ్యం అంటే జంతువులు ______ లేకుండా బతికే అడవి.

లెక్క చేయండి

ఒకామెకు మే 2న మొదటి సూది వేశారు. మిగతా మూడు సూదులు ఏ తేదీల్లో వేయించుకోవాలి? సమ్మక్క చీటీలాగా రాయండి.