పసిపిల్లల నిద్ర – పెద్దల కర్తవ్యము

దేహమును నిలుపు ఊతకంబములు మూడని చరకసంహిత చెప్పుచున్నది. అవి ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము. వీనిలో ఆహారమును గూర్చి తల్లిదండ్రులు చూపు శ్రద్ధ నిద్రను గూర్చి చూపుట లేదు. బిడ్డ రెండు ముద్దలు తక్కువ తిన్నచో ఇల్లంతయు కలవరపడును. అదే బిడ్డ రెండు గంటలు తక్కువ నిద్రించినచో, ఉదయమున బడికి లేవలేదని విసుగుకొనుటయే కాని కారణమును విచారించువారు అరుదు.

రాత్రి నిద్ర పట్టని బిడ్డను పెక్కు ఇండ్లలో మొండివానిగా ఎంచుదురు. మొదట బుజ్జగింపు, పిదప గద్దింపు, ఆపైన బూచివాని పేర బెదరింపు, చివరకు వీపున రెండు దెబ్బలు. బిడ్డ ఏడ్చి ఏడ్చి అలసి కన్నుమూయును. తల్లి తాను కొట్టిన దానికి తానే నొచ్చుకొని మేలుకొని యుండును. మరునాటి రాత్రియు ఇదే వరుస. ఇందు ఎవరియందును దుర్బుద్ధి లేదు. నిద్ర స్వభావము తెలియకపోవుటయే ఇందలి లోపము.

“కూర్చో” అన్న బిడ్డ కూర్చుండగలడు. “పడుకో” అన్న పడుకొనగలడు. “నిద్రపో” అన్నచో ఎంత విధేయుడైన బిడ్డయు వెంటనే నిద్రపోజాలడు. పెద్దలకైనను అది సాధ్యము కాదు. నిద్ర ఆజ్ఞకు లోబడునది కాదు. తగిన పరిస్థితులు కూడినపుడు తానై వచ్చునది. ఆ పరిస్థితులను కూర్చుట పెద్దల పని.

ఎంత నిద్ర కావలెను?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన సూచనల ప్రకారము ఒకటి, రెండు ఏండ్ల పిల్లలకు దినమునకు 11 మొదలు 14 గంటలు, మూడు, నాలుగు ఏండ్ల వారికి 10 మొదలు 13 గంటలు నిద్ర అవసరము. పగటి కునుకు కూడ ఇందు చేరియున్నది. కావున మధ్యాహ్నము రెండు గంటలు నిద్రించిన నాలుగేండ్ల బిడ్డ రాత్రి పదిగంటలకు మించి నిద్రింపకున్నచో అది లోపము కాదు. బిడ్డకు అవసరమైన దానికంటె ఎక్కువ నిద్రను ఆశించి, ప్రొద్దుగూకగనే పడకపై చేర్చుట వలన కూడ చిక్కులు పుట్టును.

నిద్ర వచ్చు విధము

నిద్రకు మూలములు రెండు. మొదటిది మెలకువ వలన కలుగు అలసట. బిడ్డ ఎంతసేపు మేలుకొని ఆడునో అంతకంతకు నిద్రయొక్క ఒత్తిడి పెరుగును. సాయంకాలము అయిదు గంటల వరకు పగటినిద్ర పోయిన బిడ్డకు రాత్రి ఎనిమిదికి ఈ ఒత్తిడి చాలదు.

రెండవది శరీరములోని గడియారము. చీకటి పడగా మెదడులోని పీనియల్ గ్రంథి మెలటొనిన్ అను స్రావమును విడుచును. అది దేహమునకు రాత్రి యైనదని తెలుపును. వెలుతురు ఈ స్రావమును అణచును. కొలరాడో విశ్వవిద్యాలయమువారు 2018లో మూడు మొదలు అయిదేండ్ల లోపు పిల్లలు పదిమందిని పరీక్షించిరి. పడకకు ముందు ఒక గంట సేపు ప్రకాశవంతమైన కాంతిలో ఆడినపుడు వారిలో మెలటొనిన్ సుమారు 88 శాతము తగ్గినది. కాంతిని తొలగించిన 50 నిమిషములకు కూడ అది వెనుకటి స్థితికి రాలేదు. రాత్రి తొమ్మిదింటి వరకు ట్యూబులైటు క్రింద టెలివిజను చూచుచు, చేత సెల్‌ఫోను పట్టి కూర్చున్న బిడ్డకు దీపమార్పగనే నిద్ర రాకపోవుట వింత కాదు.

ఒక ఉదాహరణము

నాలుగేండ్ల బాలుని ఒకనిని ఊహింతము. తల్లి ఎనిమిదిన్నరకు పడుకోబెట్టును. తండ్రి తొమ్మిదింటికి పని నుండి ఇల్లు చేరును. తలుపు చప్పుడు వినగనే బాలుడు లేచి పరుగెత్తును. నవ్వులు, ఎగురవేయుటలు సాగును. అతడు నిద్రించునప్పటికి తొమ్మిది ముప్పావు అగును. నడుమ గంటంబావు కాలము తల్లీబిడ్డల పోరాటము.

ఈ బాలుని దోషమేమి? దినమంతయు చూడని తండ్రికై అతడు కనిపెట్టుకొని యున్నాడు. ఇట్టి యింట తండ్రి ఉదయమున అరగంట కాలమును బిడ్డకు కేటాయించి, రాత్రి వచ్చినపుడు మెల్లని మాటతో ప్రక్కన కూర్చుండుట మేలు.

అటుపిమ్మట పడకవేళను సవరింపవలెను. బాలుడు నిజముగా నిద్రించునది తొమ్మిది ముప్పావునకు గనుక కొన్ని దినములు ఆ వేళకే పడుకోబెట్టవలెను. పడక యన్న పోరాటస్థలమను తలంపు దీనివలన పోవును. త్వరగా నిద్ర పట్టుట అలవడిన పిదప మూడు, నాలుగు దినముల కొకసారి పావుగంట చొప్పున ముందునకు జరుపవలెను. అయిదు మార్పులతో, అనగా సుమారు మూడు వారములలో, ఎనిమిదిన్నర వేళ కుదురును. ఈ కాలమంతయు ఉదయము లేపు వేళ మారరాదు. సెలవు దినమని ఎండెక్కు వరకు పడుకోనిచ్చినచో పడిన శ్రమ వృథా యగును. లేవగనే వాకిట వెలుతురులో కొంతసేపు ఆడనిచ్చుట మంచిది.

పడకవేళ క్రమము

ప్రతిరాత్రి అవే పనులు అదే వరుసలో జరుగవలెను. భోజనము, కాళ్లు చేతులు కడుగుట, పండ్లు తోముట, దీపము తగ్గించుట, ఒక కథ, ఒక జోలపాట. ఇది అరగంటకు మించ నక్కరలేదు. 2009లో అమెరికాలో 405 మంది తల్లులు, వారి పసిపిల్లలతో ఒక పరిశీలన జరిగినది. స్నానము, ఒడలు మర్దన, ప్రశాంతమైన పాట లేక ముచ్చట – ఈ క్రమమును పాటించిన ఇండ్లలో పిల్లలు త్వరగా నిద్రించిరి, నడురేయి మేలుకొనుట తగ్గినది, తల్లుల మనస్సులును తేటపడినవి. నూనె రాచి, నీళ్లు పోసి, జోల పాడు మన అమ్మమ్మలకు ఈ క్రమము క్రొత్తది కాదు.

“ఇంకొక్క కథ నాయనమ్మా”, “మంచినీళ్లు కావాలి” అను కోరికలకు ముందే ఏర్పాటు చేయవలెను. నీళ్లు ప్రక్కన ఉంచి, కథ ఒక్కటే యని ముందుగా చెప్పి, ఆ మాటపై నిలువవలెను. తల్లి కాదన్నదానిని నాయనమ్మ ఔననరాదు. విడిగా పడుకొను బిడ్డ తల్లిని వదలనిచో, “పడుకో నాన్నా, అయిదు నిమిషాల్లో వచ్చి చూస్తాను” అని చెప్పి తప్పక వచ్చి చూడవలెను. మాట తప్పినచో బిడ్డ ఆమెకై కాచుకొని మేలుకొనియే యుండును. పెద్దల ప్రక్కన పడుకొను బిడ్డకును ఈ క్రమమే వర్తించును.

భయములు

రెండు, మూడేండ్ల ప్రాయమున ఊహ పెరుగుటతో చీకటి భయము కూడ పుట్టును. ఆ వయస్సున బూచివానిని చూపి నిద్రపుచ్చ జూచుట నిప్పునార్పుటకు నూనె పోయుట వంటిది. భయపడిన దేహము మేలుకొనును. అది దాని ధర్మము. మసక దీప మొకటి ఉంచి, దగ్గర నున్నామని చెప్పుట చాలును.

తెల్లవారుజామున పీడకల వచ్చి లేచిన బిడ్డను దగ్గరకు తీసికొని ఓదార్పవలెను. నిద్రించిన రెండు మూడు గంటల లోపుననే కేకవేసి లేచి, కన్నులు తెరచియు ఎవరిని గుర్తింపని బిడ్డ నిజమునకు నిద్రలోనే యుండును. అతనిని కుదిపి లేపరాదు. దెబ్బ తగులకుండ కనిపెట్టియున్నచో కొంతసేపటికి తానే శాంతించును. ఇది గాలి సోకుట కాదు.

వైద్యుని చూపవలసిన సందర్భములు

తరచు గురక పెట్టుట, నోటితో ఊపిరి తీయుట, నిద్రలో ఊపిరి ఆగి ఉలికిపడుట ముక్కు వెనుక కండలు పెరిగిన దానికి గుర్తులు కావచ్చును. రాత్రులు ఆసనమున దురద యున్నచో నులిపురుగులను అనుమానింపవలెను. కాళ్లు ఊరకయే కదల్చుచుండుట రక్తములో ఇనుము కొరత వలన కావచ్చును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు పిల్లలలో 67 శాతమునకు రక్తహీనత కానవచ్చినది గనుక ఈ కారణమును తేలికగా కొట్టివేయరాదు.

నిద్రకై జలుబు మందు పోయుట మిక్కిలి ప్రమాదకరము. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేండ్ల లోపు పిల్లలకు వాడరాదని మన దేశ ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో హెచ్చరించియున్నారు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణములో బెజ్జమహాదేవి శివునకు తల్లి లేదని వగచి, తానే తల్లియై పసిబిడ్డకు చేయు ఉపచారములన్నియు ఆయనకు చేసినది. ఆ కథను భక్తితో చదువు ఇండ్లలో కన్నబిడ్డ ఏడ్చుచు నిద్రించుట తగదు. నేటి రాత్రియే టెలివిజను ఒక గంట ముందు ఆపి, దీపము తగ్గించి, ఒక కథతో ఆరంభింపవచ్చును. మొదటి వారమున ఫలము కానరాకున్నను క్రమమును విడువరాదు.