పొగ మానుట, మానియుండుట

మన కర్నూలు సీమకు పొగాకు పరాయిది కాదు. నంద్యాల చేలలోనే పండును. రచ్చబండకడ చుట్ట యిచ్చుట మర్యాదగా నెంతురు. కావున నిచ్చట పొగ మానుటకంటె మానియుండుటయే కష్టము.

మానిన మొదటి మూడు దినములు చిరాకు, నిద్రలేమి మిక్కుటమగును. ఇది మనోదౌర్బల్యము గాదు; నికోటినునకు అలవడిన మెదడు చేయు మారాము. రెండు మొదలు నాలుగు వారములలో చాలవఱకు తగ్గును. కోరిక పుట్టినపుడు చన్నీరు త్రాగి నాలుగడుగులు నడచిన, కొన్ని నిమిషములలో నది తానే యణగును.

పిమ్మటి శత్రువు "ఒక్కటే గదా" యను మాట. పెండ్లిపందిటను, దుఃఖసమయమునను అది వినబడును. ప్రత్యుత్తరము ముందే సిద్ధపఱచుకొనవలయును.

ఒకమాఱు జారినవాడు వ్రతము చెడెనని విడువరాదు. ఎచ్చట జారెనో యెఱింగి ఆ దినమే మరల పూనవలయును. 2016లో నేర్పడిన ఉచిత దూరవాణి 1800-11-2356 సాయపడును. ఇంటివారమైన మనము దెప్పక తోడు నిలుతము గాక!