రోగిని అడిగినట్టే పిల్లల్నీ అడగండి

ముప్పై ఏళ్ళు మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ చెప్పాను. తలనొప్పి ఎరగని ఎంబీబీఎస్ పిల్లలు నాకు తక్కువే తగిలారు. కొత్తగా పాఠాలు చెప్పడానికి వస్తున్న మీకు కొన్ని మాటలు.

1. ముందు బిళ్ళలు లెక్కపెట్టించండి. ఒకసారి థర్డ్ ఇయర్ అమ్మాయి వైవాలో తడబడింది. ఏప్రాన్ జేబులోంచి పెన్ను తీయబోతే సగం అయిపోయిన పారాసెటమాల్ షీటు కిందపడింది. "రోజూ రెండు వేసుకుంటున్నాను సార్, నాలుగు నెలలైంది" అంది. ఇలాంటి మాత్రలు నెలకు 15 రోజులు, ఆపైన, మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. ఆ పాఠం వాళ్ళ బ్యాచ్‌కి చెప్పింది నేనే. మాన్పించిన మొదటి వారం నొప్పి ఇంకా పెరిగింది, ఏడ్చింది, అయినా ఓర్చుకుంది. నొప్పి వచ్చిన ప్రతిరోజూ క్యాలెండర్‌లో సున్నా చుట్టమన్నాను. మూడో నెలలో నాలుగే సున్నాలున్నాయి.

2. ఫస్ట్ ఇయర్ పిల్లలు తలనొప్పి డిసెక్షన్ హాల్లో ఫార్మలిన్ వాసన వల్లే అంటారు. అది కళ్ళు మండిస్తుంది, నిజమే. కానీ పొద్దున టిఫిన్ తిన్నారా, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు అని కూడా అడగండి.

3. రోజుకు ఐదు కప్పుల కాఫీతో పరీక్షలు గట్టెక్కి, ఇంటికెళ్ళి ఒక్కసారిగా మానేస్తే మర్నాటికల్లా తల పగిలిపోతుంది. మెల్లగా తగ్గించుకోమనండి.

4. తలకు గుడ్డ బిగించి కట్టినట్టు రెండు వైపులా పట్టేసే నొప్పి వేరు, మైగ్రేన్ వేరు. ఒక పక్క కణత కొట్టుకుంటూ, వాంతి వచ్చేలా ఉండి, వెలుతురు గిట్టక గదిలో దీపం ఆర్పుకుని పడుకుంటున్నారంటే మైగ్రేన్ అనుకోవాలి. 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండొచ్చు. అలాంటి పిల్లను "ఓర్చుకో" అని నైట్ డ్యూటీకి పంపకండి. దానికి మందులున్నాయి.

5. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చినా, జ్వరంతో మెడ బిగిసినా, చూపు మసకబారినా, చెయ్యో కాలో పట్టు తప్పినా క్షణం ఆగొద్దు. తెల్లవారుజామున తలనొప్పి, వాంతులు అంటూ ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. పరీక్ష భయంలే అని పంపేశాను. రెండు రోజులకు మరో డాక్టరు ఆఫ్తాల్మోస్కోప్‌తో చూస్తే కంటి లోపల నరం ఉబ్బి ఉంది. వాడు బతికాడు, ఇప్పుడు ప్రాక్టీసు చేస్తున్నాడు. కానీ వాడు నా దగ్గరికొచ్చిన రోజున ఆ పరికరం నా బల్ల సొరుగులోనే ఉంది.